గదర్, గద్దార్, గద్దర్

మా అబ్బాకు గద్దర్ పాట మీద కోపం లేకుండె. పేరు మీదనే కోపం.

"ఎవడన్న తన పేరు తనే గద్దార్ అని పెట్టుకుంటడారా? నమ్మినోళ్లను ముంచేటోణ్ని గద్దార్ అంటరు. అది తిట్టు" అంటుండె. అబ్బా ఉర్దూ ఐదో జమాత్ దాకనే చదివిండు గని తలఫ్ఫుజ్ విషయంల మౌల్వీలకంటె సఖ్త్. జేర్, జబర్ తప్పు పలికితే దస్తర్‌ఖాన్ ముందట కూసున్నా సరే చెవు మెలేసేటోడు.

మా చిచ్చా నవ్వేటోడు. "భాయిజాన్, అది గద్దార్ కాదు, గదర్. బగావత్. ఇంగ్రేజోళ్ల మీద సిపాయిలు తిరగబడ్డరే, ఆ గదర్."

"మరి గదర్ అనే అనాలె. నడుమ ఆ వత్తు ఎక్కడికెళ్లి వచ్చింది?"

దానికి చిచ్చా తాన జవాబు లేకుండె. నా తాన ఇప్పటికీ లేదు. తూప్రాన్‌ల పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, గదర్ పార్టీ యాదిల ఆ పేరు పెట్టుకున్నడని చాన ఏండ్లకు చదివిన. ఆ పార్టీ అమెరికాల కూలి చేసుకునే పంజాబీలు 1913ల పెట్టుకున్నది. వాళ్ల అఖ్బార్ పేరు గూడ గదరే. 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోల అచ్చయిన దాని మొదటి పర్చా ఉర్దూల ఉండె. మన తెలుగాయన దరిశి చెంచయ్య సదువుకోను పోయి అందుల కలిసిండు. అంటే ఆ లఫ్జ్ మన ఇంటి జబాన్‌లకెళ్లి బయలెల్లి, సముద్రం దాటి, పంజాబీల చేతులల్లకెళ్లి మళ్ల ఒక తెలుగు మనిషి నెత్తి మీదికి వచ్చేసరికి దానికో వత్తు ఎక్కువైంది. గదర్ గాదు, గద్దార్ గాదు, నడుమ ఎక్కడ్నో ఆగింది. ఈ వత్తు సంగతి యాది పెట్టుకోండి, మళ్ల చెప్త.

మాది వీర్నపల్లి. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాల అదే ఒక మండలం, 2016ల అయింది. నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిపేట మండలం, కరీంనగర్ జిల్లా. ఊరు దాటితే గుట్టలు, అడివి, తండాలు. అటు మద్దిమల్ల, ఇటు గర్జనపల్లి. 1978 సెప్టెంబర్ల జగిత్యాల జైత్రయాత్ర అయింది, అక్టోబర్ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ఎలాన్ చేసింది. నేను ఆ తర్వాతి ఎండాకాలం పుట్టిన. అమ్మీకి తారీఖులు తెల్వవు. "ఊర్లెకు పోలీసు జీపులు దిగినప్పుడు నువ్వు కడుపుల ఉంటివి" అంటది, అదే నా బర్త్ సర్టిఫికేట్.

ఊర్లె మన ఇండ్లు పదికి లోపే. అబ్బా దర్జీ. పీర్ల చావిడికి ముజావర్ గూడ ఆయనే. పీర్ల పండుగ అనంగనే ఇప్పటి మన పిల్లలు బిద్‌అత్ అని మొకం తిప్పుకుంటరు. ఆ బహస్ ఇక్కడ వద్దు. నేను చెప్పేది డప్పు గురించి. మొహర్రం చాంద్ కనబడ్డనాడు మాదిగవాడ కెళ్లి ఒక మామ వచ్చేటోడు. అలావ కాడ మంట వేసి డప్పు కాగబెట్టి, చర్మం బిర్రుగ అయినాక చిర్రతోని ఒక దెబ్బ కొట్టేటోడు. ఆ ఒక్క దెబ్బకు ఊరంత కదిలేది. అలావ చుట్టు అసోయ్ దూలా ఆట. హసన్, హుస్సేన్ పేర్లు తెలుగు నోళ్లల్ల పడి అట్ల అయినయి. అబ్బా ఆ తలఫ్ఫుజ్‌ను మాత్రం ఎన్నడు దిద్దలేదు. గద్దర్ మీద ఉన్న సఖ్తీ అక్కడ ఎందుకు లేదో అడుగుదామనుకుంటనే ఆయన పోయిండు.

చిచ్చా సిరిసిల్లల సాంచెలు నడిపేటోడు. వారానికో పదిహేను రోజులకో ఊరికి వచ్చేటోడు, వస్తే సంచిల బిస్కిట్లతోపాటు ఒక టేప్‌రికార్డర్. కేసెట్ మీద కవ్వాలీ అని అచ్చు ఉండేది. ఒక వైపు నిజంగనే కవ్వాలీ, అజీజ్ నాజాఁ గొంతు. తిప్పి వేస్తే జననాట్యమండలి. అబ్బా అడుగుల చప్పుడు వినబడంగనే చిచ్చా కేసెట్ తిప్పేటోడు. పాట నడుమల తాళం మారిపోయేది. అబ్బా తెల్వనట్టు చెప్పులు విడిచేటోడు.

ఆ కేసెట్ల ఆవాజ్ నూతిల కెళ్లి వచ్చినట్టు ఉండేది. ఒకని కెళ్లి ఇంకొకడు, వాని కెళ్లి మరొకడు నకలు చేసుకున్నది గదా, పాటకంటె గాలి ఎక్కువ. అయినా నాకు ఒకటి సమజైంది. డప్పు మీద ఆ దెబ్బ మా అలావ కాడి దెబ్బనే. ఇంకోటి, ఆ మాటలు. జుల్మ్, హుకుం, సలాం, ఇంకిలాబ్, జిందాబాద్. బడిల తెలుగు సారు ముందట నేను నోరు జారి ఇసుంటి మాట అంటే పిల్లలు నవ్వేటోళ్లు, "తురుకోని తెలుగు" అని. ఇక్కడనేమో తెలుగు పాట పాడే మనిషే ఇవన్ని గుండె మీద చెయ్యి పెట్టుకొని పలుకుతుండు. లాల్ ఫారసీల కెళ్లి వచ్చింది, సలాం అరబీల కెళ్లి వచ్చింది. రెండు కలిపి మా ఊరి గొల్లోళ్లు, లంబాడోళ్లు పిడికిలి ఎత్తి పలుకుతుంటే నా ఇంటి మాటకు బజార్ల ఇజ్జత్ దొరికినట్టు అనిపించింది. పదేండ్ల పిలగానికి అంతకంటె ఏం గావాలె.

కొంచెం వెనక సంగతి చెప్పాలె. జననాట్యమండలి 1972ల మొదలైంది. మొదట్ల బి. నర్సింగరావు, గద్దర్, అటు ఉత్తరాంధ్ర కెళ్లి వచ్చిన వంగపండు ప్రసాదరావు. బుర్రకథ, ఒగ్గుకథ, యక్షగానం, ఊర్లె ఏ కళ ఉంటే దాన్నే పట్టుకొని కొత్త మాట పెట్టిన్రు. నర్సింగరావు తీసిన 'మా భూమి' సినిమాల బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీదికి వచ్చి పాడిండు. సినిమా అంటే అది ఒక్కటే చూసినోళ్లు మా దిక్కు చానమంది ఉంటరు. 1985ల కారంచేడు ఖూనీలు అయినంక గద్దర్ అజ్ఞాతంలకు పోయిండు. ఐదేండ్లు మనిషి లేడు, కేసెట్టే మనిషి. అడివిల ఉన్నడన్నరు, బొంబాయిల ఉన్నడన్నరు, మరణించిండని గూడ ఒకసారి అన్నరు.

1990ల చెన్నారెడ్డి సర్కారు కొంచెం సడలించినాక ఖబర్ వచ్చింది. ఫిబ్రవరి 18, ఇత్వార్ నాడు, హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంల గద్దర్ బయటికొస్తుండు.

చిచ్చా అబ్బాతో అబద్ధం ఆడలేదు. రజబ్ నెల, "నాంపల్లి యూసుఫైన్ దర్గాల జియారత్ చేసుకొని వస్త, పిలగాణ్ని తీస్కపోత" అన్నడు. నిజంగనే పోయినం. పొద్దుగాల ఎల్లారెడ్డిపేటల బస్సు, కామారెడ్డిల మీటర్ గేజ్ రైలు, కాచిగూడల దిగి నడక. దర్గాల పూలు పెట్టి, ఫాతిహా చదివి, ఇద్దరు పీర్ల ముందట చిచ్చా చాన సేపు చేతులెత్తి నిల్చుండు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంట, "అబద్ధం కాలే గదా" అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలే.

బషీర్‌బాగ్ కాడికి పోయేసరికే మనుషులు. నేను అంతకు ముందు చూసిన పెద్ద మజ్మా వేములాడ జాతర. ఇది దానికి పదింతలు. రెండు లక్షల మంది అని తర్వాత అఖ్బార్లల్ల వచ్చింది. గోడల మీద, చెట్ల మీద, స్తంభాల మీద. మూటల్ల సద్దులు కట్టుకొని వచ్చిన ముసలమ్మలు. చుట్టు పోలీసులు. పల్లీలు అమ్మేటోని గంప చేతుల మీదుగనే పోయి పైసలు చేతుల మీదుగనే వచ్చినయి, ఒక్క పైస తక్కువ కాలేదని ఆ పల్లీలాయన ఆశ్చర్యపోవుడు నాకు ఇంక యాది ఉన్నది.

అసర్ వక్త్ అయింది. మైదానం గోడ పక్కకు ఒక పదిమంది రుమాళ్లు పరిచిన్రు. చిచ్చా పోయి సఫ్‌ల నిలబడ్డడు, నన్నూ నిలబెట్టిండు. ఆ ఇరుకుల సజ్దా చేసేటందుకు జాగ ఎక్కడిది? ముందట కూసున్న ఒక పెద్దాయన, గొంగడి కప్పుకొని ఉన్నడు, వెనకకు తిరిగి చూసి తన పక్కోళ్లను జరిపి "తావియ్యిండ్రి, దేవుని మొక్కుతున్రు" అన్నడు. మా చెప్పులు అందరియి తన ఒడిల పెట్టుకొని కూసున్నడు. సలాం తిప్పినంక ఎవరివి వాళ్లకు ఇచ్చిండు.

ఇంక ఆ పాట గురించి. ఎట్ల చెప్పాలె? కేసెట్ల విన్నోళ్లకు, ఇప్పుడు ఫోన్‌ల విన్నోళ్లకు ఒక సంగతి ఎప్పుడు తెల్వది. గద్దర్ ముందుగల పాడడు. వస్తడు. భుజం మీద గొంగడి, గోసి పెట్టిన ధోతి, చేతిల కట్టె, కాళ్లకు గజ్జెలు. మైకు కాడికొచ్చి నిలబడి మజ్మాను చూస్తడు. గజ్జెకాలు ఒక్కసారి కదిలిస్తడు. అంతే. లక్షల మంది ఖామోష్. ఆ ఖామోషీల ఆయన దమ్ము పట్టే చప్పుడు మైకుల వినబడుతది, ముక్కు కెళ్లి లోపలికి గుంజుకునే గాలి. తర్వాత సన్నగ ఒక రాగం. మాట లేదు, ఉత్త రాగం. మా నానీమా పిల్లలను పండబెట్టేటప్పుడు తీసినట్టు. అప్పుడు పడుతది డప్పు మీద దెబ్బ.

నేను చిచ్చా భుజాల మీద ఉన్న. ఆ దెబ్బ నా చెవులకంటె ముందు ఆయన భుజాలల్లకెళ్లి నా తొడలకు తాకింది.

పాట నడుమ ఆపి ముచ్చట పెడుతడు. ఆపిన కాడ తాళం ఆగది, దోలక్ సన్నగ నడుస్తనే ఉంటది, అన్నం మీద మూత పెట్టినట్టు. ముచ్చటల ఒకసారి దొర, ఒకసారి పట్వారి, ఒకసారి జీతగాడు. దొర అయినప్పుడు మీసం లేకున్నా మీసం మెలేస్తడు. ఒకసారి కొడుకు అడివికి పోయిన తల్లి అయిండు. గొంగడి నెత్తి మీదికి గుంజుకొని, నడుము వంచి, కట్టె పట్టుకొని రెండడుగులు వేసిండు, ముసలమ్మ అయిపోయిండు. ఎనకట కూసున్న నిజం ముసలమ్మలు శోకం తీసిన్రు. చిచ్చా ఏడుస్తుండని నాకు కనబడలేదు గని, ఆయన నెత్తి మీద పెట్టిన నా చేతులకు తెలిసింది.

అందరు మంచిగనే చెప్తరు గని ఒక్క కాడ నేను బుగులుపడ్డ. ఆ బండి యాదగిరి పాట. అందుల కోపం నైజాము మీద. లక్షల గొంతులు ఒక్కసారి ఆ పేరు ఎత్తేసరికి నేను చిచ్చా నెత్తి గట్టిగ పట్టుకున్న. మా ఇంట్ల నైజాము అంటే నానీమా దువాల వచ్చే పేరు. పోలీస్ యాక్షన్ల మా నానీమా తమ్ముడు ఇంట్ల కెళ్లి పోయి మళ్ల రాలేదు. ఆమె ఆ పాట వింటే లేచి లోపలికి పోయేది. ఇంత మంది మనల్ని తిడుతున్నరా, ఈ గొంగడాయన గూడ తిడుతుండా, చెప్పులు ఒడిల పెట్టుకున్నాయన గూడ? నేను వంగి చెవుల అడిగిన: "చిచ్చా, మనల్ని అంటున్రా?"

చిచ్చా నన్ను కిందికి దించి తన ముందట నిలబెట్టుకున్నడు. "నైజాము మనకు చుట్టమారా? దొర గడీ ముందట చెప్పులు చేతిల పట్టుకొని నడిచినోడు మీ దాదా" అన్నడు. ఇంకేదో చెప్పబోయి ఆపి, "బందగీ అని ఒకాయన ఉండె, ఇంటికి పోయినంక చెప్త" అన్నడు. రైలుల చెప్పిండు. జనగామ దిక్కు కామారెడ్డిగూడెంల షేక్ బందగీ తన జమీన్ కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుల కొట్లాడిండని, 1940ల ఆయన్ను నరికి చంపిన్రని, ఆ కథనే 'మా భూమి' నాటకంలకు ఎక్కిందని. నేను ఇప్పుడు అనుకుంట, చిచ్చా చెప్పింది సచ్చే, నానీమా లేచి లోపలికి పోవుడు గూడ సచ్చే. ఒకటి ఇంకొకదాన్ని కొట్టెయ్యది. ఆ పాట ఇప్పుడు విన్నా నా కాలు తాళం వేస్తది, నా కండ్లు నానీమా కూసున్న గడప దిక్కు చూస్తయి.

మూడో రోజు ఇంటికి పోయినం. చిచ్చా గొంతు పూర్తిగ పోయింది, సలాం అంటే గాలి వస్తుంది. అబ్బా మిషన్ ఆపి మొకం చూసిండు. "దర్గాల కవ్వాలీ మీరే పాడిన్రా ఏంది?" అన్నడు. అంతే, ఇంకేం అడగలే.

రెండేండ్లు బాగనే ఉండె. 1992 మే నెలల జనార్దనరెడ్డి సర్కారు పీపుల్స్‌వార్ మీద, దాని సంఘాల మీద నిషేధం పెట్టింది. కేసెట్ దొరికితే కేసు అన్నట్టు అయింది. ఎవరి ఇంట్ల కేసెట్ వాళ్లు గోలెంల, గడ్డివాముల, చూరుల పెట్టిన్రు. మాది మాత్రం బేఫికర్‌గ మిషన్ సొరుగుల ఉండె. దాని మీద కవ్వాలీ అని ఉన్నది గదా.

నాకప్పుడు పద్నాలుగేండ్లు, ఎల్లారెడ్డిపేట హైస్కూల్. నేను గద్దర్‌ను చూసినోణ్నని బడిల నా షాన్ వేరే. ఒకరోజు ఎవడో నమ్మలేదు, కేసెట్ తెచ్చి చూపెట్టు అన్నడు. తెచ్చి చూపెడితే ఏమున్నది, కవ్వాలీ అని అచ్చు ఉంటది, నవ్వుతడు. అందుకని ఇంట్ల ఎవరు లేంది చూసి, ఆ అచ్చు కాయితం నీళ్లు అద్ది గీకేసి, తెల్ల కాయితం అంటుబెట్టి, ఎర్ర స్కెచ్ పెన్నుతోని పెద్ద అచ్చరాలు రాసిన. బడికి తీస్కపోయిన, చూపెట్టిన, మళ్ల సొరుగుల పడేసిన.

వారం తిరగలే, రాత్రి గస్తీకి వచ్చినోళ్లు ఇండ్లు దేవులాడిన్రు. ఏ ఠాణా, ఎవరు అన్నది రాయను, ముప్పై ఏండ్లు దాటింది. సొరుగు గుంజిన్రు, కత్తెర, దారపుండలు, కేసెట్. "ఇది ఎవరిది?" అబ్బా నోరు తెరిచేలోపల చిచ్చా, ఆ రోజు ఊర్లెనే ఉన్నడు, "నాదే" అని లేచి నిలబడ్డడు. "రాసిందెవరు?" "నేనే." నేను దర్వాజ ఎనక ఉన్న. నోట్ల తడి లేదు. ఒక్క మాట అంటే అయిపోవు. అనలే.

రెండు రాత్రులు. మూడో పొద్దు నడుచుకుంటనే వచ్చిండు. చేతులు చూపెట్టలే, తువ్వాలల చుట్టుకున్నడు. సాంచె మీద తెగిన పోగు అతకాలంటే వేళ్ల కొసల నాజూకు ఉండాలె, రెప్పపాటుల ముడి పడాలె. ఆ వేళ్లు మళ్ల అట్ల వంగలే. సాంచె పోయింది. కండెలు చుట్టే పనికి దిగిండు, కూలి సగం. ఆడోళ్లు చేసే పని చేస్తుండని సిరిసిల్లల నవ్వినోళ్లు నవ్విన్రు. చిచ్చీ ఒక ఏడాది బీడీలు ఎక్కువ చుట్టింది. ఇంట్ల ఎవరు నన్ను ఏమనలే, ఎందుకంటే ఎవరికి తెల్వదు. నేను అట్లనే అనుకున్న.

అబ్బా ఇంట్ల మిగిలిన కేసెట్లన్ని తీసి, రీళ్లు గుంజి పారేసిండు. మా పక్క చేను బావ వచ్చి ఆ రీళ్లు ఏరుకపోయి మక్కచేను చుట్టు కట్టిండు, పిట్టలు రాకుంట. గాలి కొడితే ఆ పట్టీలు జుయ్యిమని మోగేటియి. అందుల ఏ పట్టీల ఏ పాట ఉండెనో, కవ్వాలీ ఏదో గద్దర్ ఏదో. నేను ఆ చేను దిక్కు పోవుడు బంద్ చేసిన.

1997 ఏప్రిల్ 6 నాడు గద్దర్ మీద ఆయన ఇంటి కాడనే కాల్పులు జరిగినయి. మనిషి బతికిండు, ఒక తూటా ఆఖరి దాక వెన్నుపూసల్లనే ఉన్నది. చిచ్చా ఆ రోజు రోజా ఉన్నోని లెక్క ఏం తినలేదు. తర్వాత తెలంగాణ కొట్లాట కాలంల ధూంధాంలు వచ్చినయి. 2002ల మొదటిది మా పక్కనే కామారెడ్డిల అయింది. అక్కడికెళ్లి పన్నెండేండ్లు ఎన్ని చూసిన్నో లెక్క లేదు, గద్దర్‌ను గూడ చాన సార్లు చూసిన, తూటా లోపల పెట్టుకొని గజ్జెకాలు ఎత్తుడు చూసిన. బాగనే ఉంటుండె. గని చిచ్చా ఒక్కదానికి రాలే. పిలిస్తే "పనున్నది" అనేటోడు.

ఆఖరుల గద్దర్ గుడులకు పోవుడు, 2018ల సూటుబూటు తొడిగి బతుకుల మొదటిసారి ఓటు వేసుడు, లీడర్లను అలాయిబలాయి తీసుకునుడు, వీటి మీద మా దోస్తులల్ల పెద్ద పంచాయితీ. కొందరు నిజంగనే గద్దార్ అన్నరు. నాకు గూడ మనసు గుంజింది, అబద్ధం ఎందుకు. చిచ్చాను అడిగిన. "ముసలోడైండు, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలె గదరా" అన్నడు. తన చేతులు ఒళ్లె పెట్టుకొనే అన్నడు.

2023 ఆగస్ట్ 6, ఇత్వార్. మధ్యాన్నం దాటినంక ఖబర్ వచ్చింది. పీర్ల పండుగ అయి వారమే దాటింది. నేను హైదరాబాద్‌ల నౌకరీ, ఫోన్ మోగింది, సిరిసిల్ల కెళ్లి చిచ్చా. "నేనొస్తున్న, జూబ్లీ బస్టాండ్‌కు రా." అంతే.

తెల్లారి ఎల్బీ స్టేడియం. అది ఎక్కడున్నదో హైదరాబాద్ తెలిసినోళ్లకు చెప్పే పని లేదు. నిజాం కాలేజీ మైదానం పక్కకే. వరుసల నిలబడ్డం. ముందట డప్పులు, ఎనక డప్పులు, ఎక్కడికెళ్లో వచ్చిన పిలగాండ్లు గొంతులు పోయేటట్టు పాడుతున్రు. చిచ్చాకు అరవై ఎనిమిదేండ్లు, కాళ్లు వణుకుతున్నయి. కూసుంటవా అంటే వద్దన్నడు. ఆ గోడ దిక్కు చూసుకుంట, "అక్కడనే నమాజ్ చేసినం" అన్నడు. అక్కడ కాదు, పక్క మైదానంల. నేను దిద్దలే.

అప్పుడు చెప్పిన. ఎట్ల వచ్చిందో నోట్లకెళ్లి. "చిచ్చా, ఆ కేసెట్ మీద రాసింది నేను."

ఆయన నా దిక్కు తిరగలే. వరుస రెండడుగులు జరిగింది, మేమూ జరిగినం.

"నాకెర్కలేదారా? గద్దార్ అని రాసినవ్. మీ అబ్బా అన్నట్టే, దీర్ఘం పెట్టి." కొంచెం సేపాగి, "వాడు అడిగిండు, గద్దార్ అంటే ఎవడురా అని. నేనే సార్ అన్న. ఒకటి ఎక్కువ పడ్డది దానికి" అన్నడు. నవ్విండు. నాకు నవ్వు రాలే. దర్గా బయట చెప్పులు తొడుక్కునేటప్పుడు ఆయనకు రాలేదు, ఇక్కడ నాకు రాలేదు.

"అబ్బాకు తెలుసా?"

"మీ అబ్బా ఉర్దూ మాస్టర్. నీ రాత, నీ తప్పు ఆయనకు తెల్వదా?"

అంటే అబ్బా తెలిసే రీళ్లు గుంజిండు. తెలిసే నన్ను ఏమనకుండ ఉన్నడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేండ్లు.

దీదార్ దొరికింది. ఎర్ర బట్ట, పూలు, రెండు పలకలే నిలబడనిచ్చిన్రు. చిచ్చా చెయ్యి ఎత్తబోయిండు, వేళ్లు పిడికిలి పడలే, అట్లనే అరచెయ్యి విప్పి సలాం చేసిండు. పాటలతోని ఊరేగింపు గన్‌పార్క్ దిక్కు పోయి, అక్కడికెళ్లి అల్వాల్‌ల ఆయన ఇంటికి, ఆయన పెట్టిన మహాబోధి బడికి పోతదన్నరు. చిచ్చాతోని అంత దూరం నాతోని కాదని ఇంటికి తీస్కపోయిన.

సాయంత్రం ఇంకో ఖబర్. అల్వాల్‌ల ఆ మజ్మా తొక్కిసలాటల గుండె ఆగి సియాసత్ అఖ్బార్ మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ సాబ్ ఇంతెకాల్ చేసిన్రు. గద్దర్‌కు పాత దోస్తు, ఆఖరిసారి సాగనంపను పోయి అక్కడనే పడిపోయిండు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. అబ్బా బతికినన్నాళ్లు సియాసత్ చదివేటోడు, మా ఊరికి ఒకరోజు ఆలస్యంగ బస్సుల వచ్చేది. చిచ్చా ఖబర్ విని చాన సేపు ఏం మాట్లాడలే. ఇషా చదివినంక ఇద్దరి పేర్లు తీసి దువా చేసిండు. గద్దర్ పేరు దువాల తియ్యచ్చా లేదా అని నా కొడుకు అడిగిండు, ఇంజనీరింగ్ చదువుతుండు, దీన్ మీద వాడికి ఎక్కువ షౌక్. చిచ్చా జానిమాజ్ మడతపెట్టుకుంట, "మా చెప్పులు కాపాడినోళ్ల కోసం గూడ చేసిన" అన్నడు. వానికి సమజ్ కాలే. వాడు పుట్టినంక ఈ ముచ్చట ఇంట్ల ఎవరు ఎత్తలే గదా.

ఇప్పుడు సర్కారు నంది అవార్డుల జాగల గద్దర్ పేరు మీదనే సినిమా అవార్డులు ఇస్తుంది. 2025 జూన్‌ల మొదటిసారి ఇచ్చిన్రు. టీవీల చూసిన. పెద్ద పెద్ద అచ్చరాలతోని, వత్తు సరిగ్గనే పెట్టిన్రు.

ఆ రాత్రి అన్నం తిన్నంక నా కొడుకు ఫోన్‌ల పాత వీడియో ఒకటి దొరకబట్టి చిచ్చా చేతికిచ్చిండు. చిచ్చా ఫోన్‌ను రెండు అరచేతుల నడుమ పట్టుకొని, చెవు దగ్గర పెట్టుకొని, కొంచెం సేపు విన్నడు. వెనక్కి ఇచ్చిండు.

"పాట మంచిగనే ఉన్నది బేటా. దమ్ము పట్టే చప్పుడు కోసేసిన్రు."